దేవమాలికి రా, కానీ జనవరి ఒకటిన వద్దు

సెమిలిగుడ,
శుక్రవారం రాత్రి

నేస్తం,

నీ ఉత్తరం అందింది. జనవరి ఒకటికి మీ ఆఫీసువాళ్లు పాతికమందితో మా ఒడిశాలోని దేవమాలి కొండకి వస్తామనీ, రూములు చూసిపెట్టమనీ రాశావు. నువ్వొస్తున్నావనగానే అమ్మ చోళ్లు మిల్లుకు పంపించేసింది. అయినా రూముల సంగతి మాట్లాడే ముందు ఇక్కడి పరిస్థితి నీకు చెప్పాలి.

మా వీధి చివర ఊట గుర్తుందా, రాతి సందులోంచి పడేది? నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్లాను. అప్పటికే పదకొండు బిందెలు వరసలో ఉన్నాయి. మనుషులు లేరు, చలికి ఆగలేక ఇళ్లకెళ్లి కుంపటి దగ్గర కూర్చున్నారు. ధార చిటికెన వేలంత కూడా లేదు. నా బిందె నిండేసరికి ఆరు దాటింది. పై వీధిలో కొత్త లాడ్జీకి లోతుగా బోరు దించారు. కొండరాయిలో నీరుండేది పగుళ్లలోనే కదా, ఒకడు లాగితే పక్కవాడికి తగ్గుతుంది. శనివారం వస్తే ఆ లాడ్జీ మేడ మీద ట్యాంకు పొంగి గోడ వెంట కారుతుంటుంది. అది చూస్తూ ఖాళీ బిందెతో నిలబడాలంటే ఎంత కష్టమో.

అద్దెలూ అంతే. ఎదురింటి మేడ మీద ఇద్దరు నర్సులుండేవారు. వాళ్లు నెలకిచ్చేది టూరిస్టులు మూడు రాత్రుల్లో ఇస్తారని ఖాళీ చేయించారు. ఇప్పుడు ఆ నర్సులు కొరాపుట్ నుంచి బస్సులో వస్తున్నారు. రాత్రిపూట పిల్లాడికి జ్వరమొస్తే తలుపు కొట్టడానికి మాకు ఆ ఇల్లు లేదు.

టూరిస్టులు రావద్దని నేననను. దారి పక్కన పరజ గిరిజన ఆడవాళ్లు అల్లం, పసుపు, కాలజీరా బియ్యం అమ్ముకుంటున్నారు. 2024లో కొరాపుట్ కాలజీరాకి, ఈ ప్రాంతపు పంటేనని చెప్పే జీఐ గుర్తింపు వచ్చాక అడిగి కొనేవాళ్లున్నారు. ఒక పెద్దమ్మ ఆ డబ్బుతో హాస్టల్లో ఉన్న మనవరాలికి దుప్పటి కొని నాకు తెచ్చి చూపించింది. ఆ సంతోషం పోకూడదు. కానీ ముందు నీళ్లు లెక్కేసి, ఆ తర్వాతే రూములకి పర్మిషన్ ఇవ్వాలి. 2018 వేసవిలో సిమ్లాలో నీళ్లు లేక, టూరిస్టులు రావద్దని ఊరివాళ్లే బతిమాలుకున్నారు. ఊటీకి 2024 మే నుంచి ఈ-పాస్ ఉంటేనే బండి పోనిస్తున్నారు. అంతదాకా రాకముందే మన ఊరు మేలుకోవాలని నా ఆశ.

అసలు బాధ ఇంకోటుంది. కిందటి ఆదివారం కొండ మీద చెత్త ఏరడానికి వెళ్లాం. 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అన్నిటికంటే పెద్ద కొండ. గడ్డి నిండా ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ డబ్బాలు. మూడు గోనెసంచులు నిండాయి. మాతో ఏరిన పరజ పెద్దాయన ఒక చిప్స్ కవరు మీది తెలుగు అక్షరాలు చూపించి, "మీవాళ్లే కదా, నువ్వు చెప్పరాదా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. 1936 దాకా ఈ కొండలు విశాఖ జిల్లాలోవే. ఇక్కడి తెలుగువాళ్లమైన మమ్మల్ని పరజలు తరాలుగా తమవాళ్లలా చూసుకున్నారు. ఆయనకి ఏం జవాబు చెప్పను? అందుకే నీకు రాస్తున్నాను.

జనవరి ఒకటి మానుకో. పండగ వెళ్లాక మంగళవారమో బుధవారమో రండి, పన్నెండు పదముగ్గురు చొప్పున రెండుసార్లుగా. లాడ్జీ వద్దు, మా ఇంట్లో సగంమంది, మా పిన్ని ఇంట్లో సగంమంది సర్దుకోవచ్చు. రోజుకి మనిషికి రెండు బకెట్లు, అంతకంటే ఇవ్వలేను, ముందే చెప్పు వాళ్లకి. స్టీలు గ్లాసులు, కంచాలు తెచ్చుకోండి. భోజనం ఆ దుప్పటి కొన్న పెద్దమ్మ వాళ్ల ఊళ్లో వండిస్తాను, డబ్బు ఆవిడ చేతికే ఇద్దాం.

సాలూరు దాటాక ఘాట్‌లో పొగమంచు పట్టేస్తోంది, చీకటి పడకముందే ఎక్కేయండి. అమ్మకి తాటి తాండ్ర తేవడం మర్చిపోకు. ఏ వారం వస్తారో వెంటనే రాయి, పెద్దమ్మకి చెప్పాలి.

నీ నేస్తం