‘కేప్’ ఒక మాట కాదు, రెండు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంగ్లీషు ‘కేప్’కు తెలుగులో అర్థం చెప్పేటప్పుడు, భుజాల మీదుగా వీపు వెనక్కి వేలాడే చేతుల్లేని పైవస్త్రమనీ, సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల కొస అనీ ఒకే పదం కింద రెండర్థాలు ఇస్తుంటారు. అది చూసిన విద్యార్థి, నేల కూడా నీటి మీద వస్త్రంలా పరుచుకోవడం వల్లే ఆ పేరు వచ్చిందని ఊహించుకుంటే తప్పు అతనిది కాదు. వాస్తవానికి అవి వేర్వేరు దారుల్లో వచ్చి, ఇంగ్లీషులో ఒకే రూపం దాల్చిన రెండు మాటలు.

వస్త్రం పేరు లాటిన్ ‘కప్పా’ నుంచి వచ్చింది. నేల కొస పేరుకు మూలం ‘తల’ అనే అర్థమున్న లాటిన్ ‘కపుత్’. కెప్టెన్, క్యాపిటల్ అనే మాటలు దాని సంతానమే. స్పానిష్, పోర్చుగీసు భాషలు ఈ తేడాను నేటికీ కాపాడుకుంటూ వస్త్రాన్ని ‘కాపా’ అనీ, కొసను ‘కాబో’ అనీ అంటాయి. ఫ్రెంచిలో ఉచ్చారణ ఒకటే అయినా వస్త్రం స్త్రీలింగం, కొస పుంలింగం. ‘కప్పా’ కూడా తొలుత తలముసుగుకు పేరై, ‘కపుత్’ నుంచే పుట్టి ఉండవచ్చని భావించే పండితులున్నారు. అదే నిజమైనా, ఈ రెండూ ఇంగ్లీషుకు చేరే నాటికే విడిపోయిన మాటలు. ఇక మన ‘కప్పు’ అనే క్రియ ద్రావిడ పదం. ‘కప్పా’తో దానికున్నది ధ్వని పోలిక మాత్రమే. నాలుగో శతాబ్దపు క్రైస్తవ సాధువు మార్టిన్ ఒక బిచ్చగాడికి సగం కోసి ఇచ్చాడని చెప్పే పైవస్త్రాన్ని భద్రపరచిన మందిరం పేరే ‘చాపెల్’ అయిందన్నది మాత్రం ‘కప్పా’ వంశచరిత్రలో నాకెంతో ఇష్టమైన ఘట్టం.

మన భూగోళ గ్రంథకర్తలు నేల కొసకు ‘అగ్రం’ అనే చక్కని మాటను ఏనాడో స్థిరపరిచారు. పోర్చుగీసు నావికుడు బార్తొలొమ్యు దియాస్ 1488లో చుట్టివచ్చిన చోటును ‘గుడ్ హోప్ అగ్రం’ అని రాస్తే ఏ సందేహానికీ తావుండదు. (ఆఫ్రికా దక్షిణపు చివరి కొస అదేనని చాలామంది అనుకుంటారు గానీ, ఆ స్థానం అగుల్హాస్ అగ్రానిది.) అలాగే పశ్చిమాఫ్రికా తీరానికి ఎదురుగా అట్లాంటిక్‌లో ఉన్న దీవుల దేశం ‘కేప్ వర్డె’ తన పేరును అన్ని భాషల్లోనూ ‘కాబో వెర్దే’గానే వాడాలని 2013లో కోరింది. పచ్చని అగ్రం అని ఆ పేరుకు అర్థం. సెనెగల్ తీరంలోని కొస నుంచి అది ఆ దీవులకు వచ్చింది.

కాబట్టి మీ పత్రిక వార్తల్లోనూ, విద్యా పుటల్లోనూ నేల కొసను ‘అగ్రం’ అనీ, ఆ దేశాన్ని ‘కాబో వెర్దే’ అనీ రాయవలసిందిగా కోరుతున్నాను. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు కూర్చేవారు కూడా ‘కేప్’ను రెండు వేర్వేరు ఆరోపాలుగా (విడివిడి పదాలుగా), ఒక్కొక్కదాని మూలంతో సహా ఇవ్వాలని మీ ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు