హారికకు, హనుమకొండ నుంచి

బిడ్డా హారికా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఈ ఉత్తరం రాయడం లేదు. కాస్త తీరిక దొరికింది, రాద్దామనిపించింది. మీ బాపు మోకాలి నొప్పి కొంచెం నయం. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట దాకా నడిచి, వచ్చేటప్పుడు భాషా నిలయంలో పేపర్లన్నీ చదివాకే ఇంటికొస్తున్నాడు. నానమ్మ స్వెట్టర్ తీయమని గోల చేసింది, తీసిస్తే వేసుకోదు. చిక్కుడు తీగ విరగకాసింది, తినేవాళ్ళే లేరు. మొన్న కరుణ చిన్నమ్మ వాళ్ళింట్లో వ్రతానికి వెళ్ళాం. పుణె నుంచి సందీప్ కూడా వచ్చాడు. వాడు ఏదో అన్నాడు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

సద్దుల బతుకమ్మ నాడు మాట్లాడావు. ఆ తర్వాత అన్నీ 'బిజీ అమ్మా' మెసేజ్‌లే. అయినా నీ సంగతులు నాకు తెలుస్తూనే ఉన్నాయి. వికీపీడియాలో నీ వాడుకరి పేరు అంతకుముందు నువ్వే చూపించావు కదా. నువ్వు చేసిన మార్పులన్నీ అక్కడ టైముతో సహా వరుసగా ఉంటాయి. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి చూస్తాను. కొత్త మార్పు కనిపిస్తే పిల్ల బాగానే ఉందని మనసు కుదుటపడుతుంది. టైము చూడగానే మళ్ళీ టెన్షన్. అది మన టైమేనా, ఇంకే దేశం టైమా అని శోభక్క వాళ్ళ చింటుతో లెక్క కట్టించాను. లెక్క తేలితే తెల్లవారుజాము మూడు! ఆ వేళ దాకా మేలుకుంటే మర్నాడు ల్యాబ్‌లో చేతులు ఆడతాయా? రాత్రి ఏం తింటున్నావు? మ్యాగీ అని మాత్రం చెప్పకు.

సికిల్ సెల్ అనే రక్తజబ్బు మీద నువ్వు అక్కడ రాసింది మొత్తం చదివాను. జన్యువులో ఒక్క అక్షరం మారితే ఎర్ర రక్తకణం ఆకారమే ఎలా మారిపోతుందో ఇంటర్ పిల్లలకు కూడా అర్థమయ్యేలా రాశావు. నేను ఉట్నూరులో చేసిన రోజుల్లో ఒళ్ళు నొప్పులని బడికి రాని పిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఎవరికి ఆ జబ్బు ఉండిందో ఇప్పుడెవరు చెప్పగలరు? అప్పుడు మా చేతిలో తెలుగులో ఇంత వివరం ఉంటే స్టాఫ్ రూమ్‌లో అందరికీ చదివి వినిపించేదాన్ని. రెండో పేరా మాత్రం మరీ పొడుగైంది, విరిచి రాయి. ఇప్పుడు కాదు, తీరిక చూసుకొని.

మీ బాపు సంగతి తెలుసు కదా. ఎవరు పడితే వాళ్ళు రాసేదాన్ని ఎలా నమ్ముతామంటాడు. నేను ఊరుకోలేదు. 2005లో నేచర్ పత్రిక వాళ్ళు 42 సైన్స్ అంశాలు తీసుకొని, వికీపీడియాలోవీ బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలోవీ నిపుణులతో చదివించారు. వ్యాసానికి సగటున వికీపీడియాలో నాలుగు తప్పులు, బ్రిటానికాలో మూడు దొరికాయి. బ్రిటానికా వాళ్ళు ఆ లెక్కను ఒప్పుకోలేదు, అది వేరే గొడవ. రెండింట్లోనూ తప్పులున్నాయి, కానీ వికీపీడియాలో తప్పు చూసినవాళ్ళే అప్పటికప్పుడు దిద్దొచ్చు అన్నాను. బాపు పేపర్ మడిచి లోపలికి పోయాడు.

చింటు అన్నాను కదా. వాడికి వానాకాలంలో డెంగీ వచ్చిందని ఫోన్‌లో ముక్తసరిగా చెప్పానంతే. అసలు జరిగింది విను. నాలుగు రోజులు ఒళ్ళు కాలిపోయేంత జ్వరం. ఆర్‌ఎంపీ వచ్చి సూది వేసి పోయాడు. అయిదో రోజు జ్వరం దిగింది. శోభక్క సంతోషంతో అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది, వాళ్ళ అత్త పెరుగన్నం కలిపి పెట్టింది. సాయంత్రానికి వాడు కడుపు నొప్పి అన్నాడు. వాంతి అయింది, మళ్ళీ అయింది. 'జ్వరం తగ్గింది, నీరసం ఉంటది' అని ఇంటినిండా అందరిదీ ఒకే మాట. నేను చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఎందుకో అనుమానం వచ్చి ఫోన్‌లో డెంగీ అని కొట్టాను. ఇంగ్లీషు వికీపీడియా వచ్చింది. కళ్ళద్దాలు ఇంట్లో ఉంటే రజిత ఉరికిపోయి తెచ్చింది. జ్వరం దిగేటప్పుడే కొందరిలో అసలు ప్రమాదం మొదలవుతుందని, రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి కారుతుందని, కడుపు నొప్పి, ఆగని వాంతులు ఉంటే వెంటనే ఆస్పత్రికి పోవాలని అందులో ఉంది. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ గట్టిగా చదివాను. శోభక్క మామ 'ఫోన్ చూసి వైద్యం చేస్తరా' అని కోపం చేశాడు. నేను వినలేదు. ఆటో దొరకలేదు, మన రాజన్న మామ కారు తీశాడు. పాత సంగతులు ఎలా ఉన్నా ఆ రాత్రి ఆయన వెంటనే లేచి వచ్చాడు, అది మర్చిపోకు. ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. పొద్దుటికి బిడ్డ మూత్రం పోశాడు, డాక్టరమ్మ మొహం తేటపడింది.

ఆ రాత్రంతా వరండాలో కూర్చొని ఆ వ్యాసం చరిత్ర పేజీ చదువుతూ ఉన్నాను. ఎవరో రాశారు, ఇంకెవరో దిద్దారు, మరొకరు ఆధారం అడిగారు. ఊరూ పేరూ తెలియని మనుషులు. ఆ వ్యాసాన్నే డాక్టర్లు సరిచూశాక 2014లో ఓపెన్ మెడిసిన్ అనే పత్రికలో అచ్చు వేశారని కూడా తెలిసింది. దాని వెనకున్న వాళ్ళలో జేమ్స్ హీల్మన్ అని కెనడా డాక్టర్ ఒకాయన ఉన్నాడు. కాబట్టి నువ్వు చేసేది టైంపాస్ అని నేను ఎన్నడూ అనను. శోభక్కకు ఇంగ్లీషు రాదు. నీలాంటి వాళ్ళు తెలుగులో రాస్తే ఆమే చదువుకుంటుంది.

ఇక సందీప్ అన్నది. నువ్వు ల్యాబ్‌కు సరిగా పోవడం లేదట, గైడ్ సార్ అందరి ముందూ 'ఎన్‌సైక్లోపీడియా రాసుకోపో' అన్నారట, నువ్వు పీహెచ్‌డీ మానేస్తావట. వాడి మాట నేను నమ్మలేదు. కానీ నువ్వు కూడా ఏమీ చెప్పలేదు.

సార్ ఆ మాట అనుంటే తప్పే. మీ సబ్జెక్టులోనే ఆర్‌ఎన్‌ఏ బయాలజీ పత్రిక ఉంది కదా. కణాల్లో ఉండే ఆర్‌ఎన్‌ఏ అణువుల కుటుంబాల మీది విభాగానికి పేపర్ పంపేవాళ్ళు వికీపీడియా వ్యాసం కూడా రాసివ్వాలని 2008లోనే షరతు పెట్టింది. కెమిస్ట్రీ వ్యాసాలు కొన్ని రాయించి, సగం వికీపీడియాలో పెట్టి, సగం పెట్టకుండా ఉంచి చూసినవాళ్ళున్నారు. పెట్టిన వ్యాసాల్లోని మాటలే తర్వాతి పరిశోధన పత్రాల్లో ఎక్కువగా కనిపించాయని 2017లో బయటపెట్టారు. శాస్త్రవేత్తలూ అక్కడే చదువుతున్నారు. ఈ మాటలు సార్‌కు నిదానంగా, మర్యాదగా చెప్పు. ఎదురు మాట్లాడకు, నీది మీ మేనత్త నోరు.

కానీ బిడ్డా, అదే వికీపీడియాలో ఇంకో నియమం ఉంది. సొంత పరిశోధన పెట్టకూడదు, ప్రతి మాటకూ అచ్చైన ఆధారం చూపాలి. మరి ఆ ఆధారం ఎక్కడి నుంచి రావాలి? ఎవరో ఒకరు ల్యాబ్‌లో నిలబడి, ప్రయోగం చెడి, మళ్ళీ చేసి, పేపర్ రాయాలి. నీ సికిల్ సెల్ వ్యాసం కింద ఉన్న మూలాలన్నీ అలా వచ్చినవే. ఇన్నేళ్ళు నువ్వు చేసిన పని నోటుబుక్కులోనే ఉండిపోతే దాన్ని ఏ వ్యాసంలోనూ ఎవరూ ఎక్కించలేరు. నువ్వు పడుకున్న రాత్రి నీ వ్యాసాన్ని ఇంకొకరు చూసుకుంటారు, అది నలుగురి పని. థీసిస్ నువ్వు తప్ప ఎవరూ రాయరు. కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నారు. 1923లో ఆయన పోయేనాటికి పని మధ్యలోనే ఉంది. మీ వికీపీడియా వాళ్ళకు ఆ బాధ లేదు. మీరంతా మాట్లాడుకునే రచ్చబండ పేజీలో ఒక మాట రాస్తే పదిమంది వస్తారు. ఆ పదిమందికీ కొన్నాళ్ళు అప్పగించు.

లెక్చర్ ఇవ్వొద్దనుకున్నాను. మళ్ళీ అదే అయింది, ఏమనుకోకు. మానెయ్యాలనే ఉంటే ఎందుకో నాకు చెప్పు. ల్యాబ్‌లో ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా, ప్రయోగం కుదరడం లేదా, డబ్బులు సరిపోవడం లేదా? ఏదైనా సరే, బాపుతో తర్వాత నేను మాట్లాడుకుంటాను.

సందీప్ బుధవారం తిరిగి పుణె వెళ్తున్నాడు. వాడితో చల్ల మిరపకాయలు, మక్కపిండి, నువ్వుల ఉండలు, నానమ్మ పట్టుబట్టి ఇచ్చిన రగ్గు పంపిస్తున్నాను. నువ్వుల ఉండలు ల్యాబ్‌లో అందరికీ పంచకు, ముందు నువ్వు తిను. డబ్బా మాత్రం తిరిగి పంపించు, అది శోభక్కది. రగ్గు అందిన రోజు ఫోన్ చెయ్యి, రాత్రి తొమ్మిది లోపు.

మీ అమ్మ