ధర చూసి రుచి చెప్పొద్దు

సంపాదకుల వారికి,

దగ్గర్లోనే తయారయ్యే చౌక ఆంబర్ ఏల్ బీరు గురించి తాగేవాళ్ల మాటలు వింటుంటే బాధేస్తుంది. ‘రంగు కలిపారు’ అని ఒకరు, ‘పంచదార వేశారు’ అని ఇంకొకరు. ఆ ఎర్రటి తేనెరంగు, మాడీమాడని పాకం వాసన చాలావరకు క్రిస్టల్ మాల్ట్‌వి. ఆ మాల్ట్ కోసం మొలకెత్తిన బార్లీని తడిగానే వేడిచేసి, తర్వాత వేయిస్తారు. ఐసులా చల్లబరిస్తే ఆ రుచి నాలుకకు అందదు. 8–12 డిగ్రీల దగ్గర గ్లాసులో పోసి, నురగ కాస్త దిగాక తాగి చూడండి. చివర్లో హాప్స్ అనే పూల చేదు సన్నగా తగులుతుంది. ఎండలో పెట్టిన సీసాకు పాడు వాసన వస్తుంది, నిజమే. ఆ తప్పు నిల్వ చేసినవాళ్లది. తయారీ తేదీని మాత్రం పెద్ద అక్షరాల్లో ముద్రించాలని తయారీదారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు