సెలవు ఇచ్చి పంపివేయడమేనా?

సంపాదకులకు,

ఆర్యా,

చదువుతున్న పిల్లల్లో ఎవరైనా మరణిస్తే ప్రార్థన సమయంలో రెండు నిమిషాలు మౌనం పాటింపజేసి, ఆ రోజుకు సెలవు ప్రకటించి అందరినీ ఇళ్లకు పంపివేయడం మన ఉన్నత పాఠశాలల్లో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. చనిపోయిన విద్యార్థి మీద గౌరవంతోనే అలా చేస్తారనడంలో సందేహం లేదు. అయితే తోటివారితో కలిసి ఉండవలసిన రోజునే పిల్లలను విడదీసి, ఎవరింట్లో వారిని ఒంటరిగా కూర్చోబెట్టే ఈ పద్ధతి గురించి మరోసారి ఆలోచించాలని మనవి.

1993 ఆగస్టులో, మేము విజయవాడలో పదో తరగతి చదువుతుండగా, మా సహాధ్యాయి ఒకడు ఆదివారం పూట ఇద్దరు స్నేహితులతో కలిసి ఏలూరు కాలువలో ఈతకు దిగి మునిగిపోయాడు. బ్యారేజీ నుంచి సాగుకు నీరు వదిలిన రోజుల్లో ఆ కాలువ వడి ఒడ్డున నిలబడినవారికి తెలియదు. సోమవారం బడిలో మౌనం, సెలవు యథావిధిగా జరిగిపోయాయి. మేము మాత్రం ఇళ్లకు వెళ్లలేదు. ముందు ఎవరు కదిలారో గుర్తు లేదు గానీ, అంతవరకు ఆటస్థలం కోసం కొట్టుకున్న ఏ సెక్షన్, బి సెక్షన్ పిల్లలం నలభై మందిమి సైకిళ్లు నడిపించుకుంటూ వాళ్ల ఇంటికి చేరాం. ఏం మాట్లాడాలో ఒక్కరికీ తెలియదు. అరుగు మీద, గుమ్మం ముందు, వీధిలో అలా కూర్చుండిపోయాం. చాలాసేపటికి వాళ్లమ్మగారు బయటికి వచ్చి మా పేర్లు ఒక్కొక్కటే అడిగారు. పెద్దకర్మ అయ్యాక కూడా ఆ ఇంటికి వెళ్లడం మానలేదు. పబ్లిక్ పరీక్షలకు ఆ డాబా మీదే కలిసి చదువుకున్నాం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, అక్కడ ఒంటరిగా ఉంటున్న ఆమెను వెతుక్కుంటూ వెళ్లి ఇవతలికి తీసుకువచ్చింది మా తరగతి వాళ్లే. శాలువాలతో, జ్ఞాపికలతో జరిగే పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాల వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచూ చదువుతుంటాను. మేమూ ఒకటి జరుపుకొన్నాం, భోజనాలు బాగానే ఉన్నాయి. కానీ మమ్మల్ని ఒక్కటి చేసింది ఆ అరుగే.

దుఃఖం దానంతట అదే మనుషులను కలుపుతుందని మాత్రం చెప్పలేను. ఆనాడు కాలువ నుంచి బతికి వచ్చిన ఇద్దరినీ “మీరే తీసుకెళ్లారు” అని నిందించినవారిలో నేనూ ఒకడిని. వారిలో ఒకడు దసరా సెలవుల తరువాత బడికి రాలేదు. ఎన్నో ఏళ్లకు అతని ఆచూకీ తెలిసి ఫోన్ చేస్తే, ఆ అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాడు. రమ్మంటే మాత్రం మాట దాటవేశాడు. ఆ రోజు మాతోపాటు ఒక్క మాస్టారైనా ఆ అరుగు మీద కూర్చుని ఉంటే ఆ నింద మా నోట వచ్చేది కాదేమో.

శుభానికి పిలిస్తే వెళ్లాలి, అశుభానికి పిలవకపోయినా వెళ్లాలన్న మర్యాద పెద్దలకే ఎందుకు పరిమితం కావాలి? పిల్లలు జడుసుకుంటారన్న తల్లిదండ్రుల భయం సహజమే కనుక ఎవరినీ నిర్బంధించనక్కరలేదు. బడి తెరిచి ఉంచి, తరగతి ఉపాధ్యాయుడు ఆ పూటకు పాఠం పక్కన పెట్టి పిల్లలను మాట్లాడనిచ్చి, ఇష్టపడినవారిని తానే వెంటబెట్టుకుని పలకరింపుకు తీసుకువెళ్తే చాలు. ఇందుకు నిధులూ ఉత్తర్వులూ అవసరం లేదు. మానసిక వేదనలో ఉన్నవారి కోసం 2022 అక్టోబరు నుంచి రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తున్న టెలీ మానస్ నంబరు 14416ను నోటీసు బోర్డు మీద రాయించవచ్చు. ప్రమాదం నుంచి బయటపడిన పిల్లలు తిరిగి తరగతిలో అడుగుపెట్టే రోజున వారి పక్కన ఎవరు కూర్చోవాలో కూడా ప్రధానోపాధ్యాయులు ముందుగానే చూసుకోవాలని కోరుతున్నాను.

– ఒక పూర్వ విద్యార్థి,
సత్యనారాయణపురం, విజయవాడ