గైడ్లు ఇప్పుడే చుట్టకు

నరసాపురం

అమ్మలూ,

నువ్వు సొంతంగా కట్టుకుంటున్న చేపల గాలం రాడ్డు ఫొటోలు పంపావు కదా, నిన్న రాత్రి నేనూ అమ్మా చాలాసేపు చూశాం. ఏడడుగుల బ్లాంక్, అదే రాడ్డు కడ్డీ, తీరుగా, నున్నగా ఉంది. కార్కు హ్యాండిలు చక్కగా అతికించావు, ఎక్కడా గమ్ము పొంగి బయటికి రాలేదు. గైడ్లు, అదే గాలపు లైను దూరి వెళ్ళే రింగులు, మాత్రం ఇప్పుడే దారంతో కడ్డీకి చుట్టెయ్యకు. చార్టులో ఉన్న కొలతల ప్రకారం టేపు వేశానన్నావు. ఆ చార్టు రాసినవాళ్ళ బ్లాంక్ వేరు, రీలు వేరు. గైడు ఎక్కడ ఉండాలో నీ రాడ్డే చెప్పాలి. దాన్ని వంచి చూస్తే చెబుతుంది.

ముందు రీలు సంగతి. స్పిన్నింగ్ రీలు నుంచి లైను తిన్నగా రాదు, అది చుట్టి ఉండే స్పూలు మీద నుంచి చుట్టలు చుట్టలుగా ఊడి వస్తుంది. ఆ చుట్టల్ని కొంచెం కొంచెంగా చిన్నవి చేసి తిన్నగా పంపడమే రీలు వైపు నుంచి మొదటి మూడు నాలుగు గైడ్ల పని. మొదటి గైడు మరీ చిన్నదైతే చుట్టలు దాని అంచుకి కొట్టుకుని విసురు అక్కడే చచ్చిపోతుంది. మరీ పెద్దదైతే అనవసరమైన బరువు. స్పూలు ముందు అంచు వ్యాసంలో సగానికి దగ్గరగా ఉండే రింగు సరిపోతుంది. నీది 2500 సైజు రీలు కాబట్టి 45 మిల్లీమీటర్లు ఉంటుందనుకుంటున్నా, స్కేలు పెట్టి చూడు. అంతే ఉంటే ఎత్తు కాళ్ళున్న 20 నంబరు గైడు తీసుకో.

ఫ్యూజీ కంపెనీ వాళ్ళ పద్ధతిలో ఒక లెక్క ఉంది, నాకు బాగా పనికొచ్చింది. స్పూలు వ్యాసాన్ని 27తో హెచ్చవెయ్యి. 45కి 1215 మిల్లీమీటర్లు వస్తుంది. స్పూలు నుంచి అంత దూరంలో చోకర్ గైడు పెట్టాలి. చుట్టలు అక్కడికొచ్చేసరికి అణిగిపోతాయి, ఇక అక్కడి నుంచి కొస దాకా అన్నీ ఒకే చిన్న సైజు. మొదటి గైడుని స్పూలుకి 50 సెంటీమీటర్ల దగ్గర పెట్టి, దానికీ చోకర్‌కీ మధ్య రెండు గైడ్లు వెయ్యి. రీలు ఇరుసు మధ్య నుంచి చోకర్ దాకా ఒక దారం లాగి పట్టుకుని చూడు. ఆ దారం ప్రతి రింగు నడిమధ్య నుంచి పోవాలి. ఏ రింగైనా పైకో కిందికో ఉంటే దాన్ని ముందుకో వెనక్కో జరుపు.

నీ హ్యాండిలు కొలతని బట్టి చోకర్ తర్వాత కొసకి దాదాపు 57 సెంటీమీటర్లు మిగులుతుంది. అందులో నాలుగు గైడ్లు: కొస నుంచి మొదటిది 10 సెంటీమీటర్లు, తర్వాత 11, 11.5, 12, ఆఖరి ఎడం 12.5. కొస వైపు దగ్గర దగ్గరగా ఉండాలి, ఎక్కువ వంగేది అక్కడే. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. నువ్వు బ్రెయిడ్ లైనుకి, అదే పోగులు అల్లిన లైనుకి, చివర తంగూసు ముక్క లీడరుగా ముడేస్తావు కదా, ఆ ముడి తగలకుండా పోయే రింగే కొను. 5.5 నంబరు కంటే చిన్నదానికి పోవద్దు. పండుగప్ప చెంపలు కత్తిలా ఉంటాయి, లీడరు లేకుండా కుదరదు.

టేపు తీసెయ్. సైకిల్ షాపులో దొరికే వాల్వు ట్యూబు కొని, బ్లేడుతో సన్నటి రింగుల్లా కోసి, గైడు కాళ్ళ మీద తొడుగు. వేలితో తోస్తే గైడు జరుగుతుంది, వదిలితే నిలుస్తుంది. లైను గైడ్లలోంచి దూర్చి, చివర కిటికీ ఊచకి కట్టి, మంచి చేప పడినప్పుడు ఎంత వంచుతావో అంత వంచు. పక్క నుంచి ఎవరినైనా చూడమను. లైను రాడ్డు వంపు వెంటే నడవాలి. ఏ గైడు దగ్గరైనా చటుక్కున మలుపు తిరిగితే భారమంతా అక్కడే పడుతున్నట్టు. పక్క గైడుని దగ్గరికి జరుపు, చాలకపోతే ఇంకొకటి వెయ్యి. నీ ఫొటోలో నాలుగో గైడుకీ ఐదో గైడుకీ మధ్య ఎడం చూస్తే నాకు అక్కడే అనుమానం. వంపు కుదిరాక ఆ రబ్బర్లతోనే మైదానానికి వెళ్ళి నాలుగు విసుర్లు విసిరి చూడు.

రింగుల దగ్గర డబ్బు చూసుకోకు. బ్రెయిడ్‌కి సిలికాన్ కార్బైడ్ మేలు, గట్టిగా ఉంటుంది, వేడి నిలవదు. అన్నీ కొనలేకపోతే కొసదైనా అదే కొను, రాపిడి ఎక్కువ దానికే. ఫ్రేము టైటానియమైతే ఉప్పుకి తుప్పు పట్టదు. స్టీలైతే ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడుగు.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఒక పెద్ద పండుగప్ప పడి, రెండోసారి ఎగిరినప్పుడు నా లైను తెగిపోయిందని చెప్పాను గుర్తుందా? తెగిన చోట బ్రెయిడ్ పీచు పీచుగా ఉంది. ఇంటికొచ్చి దీపం వత్తికి పెట్టుకున్న దూది తీసుకుని ఒక్కో రింగులో తిప్పాను. పై నుంచి మూడో రింగులో నాలుగు పోగులు చిక్కుకున్నాయి. కంటికి కనపడనంత సన్నటి బీట. పొద్దున పంటు దిగుతుంటే రాడ్డు రేవు గట్టుకి తగిలింది, నేను చూసుకోలేదు. ఆ చేప తలుచుకుంటే ఇప్పటికీ బాధే. నువ్వు కొత్త రింగులకి కూడా దూది పరీక్ష చెయ్యి.

చుట్టే ముందు గైడు కాళ్ళ చివర్లు ఆకురాయితో పలచగా అరగదియ్యి, దారం గెంతకుండా మెల్లగా ఎక్కాలి. అడుగున పొక్కు ఉంటే అది కూడా తీసెయ్, లేకపోతే బ్లాంక్‌ని కొరికేస్తుంది. దారం ఎంత బిగువు ఉండాలో నాకు నేర్పింది మీ అమ్మే. లేసు అల్లేటప్పుడు దారాన్ని చూపుడువేలికి చుట్టి పట్టుకుంటుందే, అంతే. చుట్టడం అయ్యాక కూడా గైడుని బొటనవేలితో నెడితే వెంట్రుకవాసి కదలాలి, అప్పుడే వరస సరిచెయ్యగలవు. అన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో అడుగు నుంచి ఒక కన్ను మూసి చూడు. ఆ తర్వాతే దారం మీద ఎపాక్సీ జిగురు, పలచగా రెండు పూతలు, ఆరేదాకా తిప్పుతూనే ఉండాలి. కొస గైడుకి మాత్రం ఎపాక్సీ వద్దు. వేడికి కరిగే గమ్ము పెట్టు, పాడైతే మార్చుకోవచ్చు.

వంచిన ఫొటో పక్క నుంచి తీసి పంపు. సంక్రాంతికి వచ్చేటప్పుడు చుట్టకుండా ఆ రబ్బర్లతోనే తెచ్చినా ఫర్వాలేదు. డాబా మీద ఎండలో కూర్చుని మనిద్దరం చుడదాం. అమ్మ ఇప్పటికే మెరూన్ రంగు దారం తీసి పక్కన పెట్టింది.

ఆశీస్సులతో,
నాన్న