పద్దెనిమిదేళ్ల సమూహాన్ని ముప్పై రోజుల్లో చెరిపేయడంపై ఫిర్యాదు

షార్లెట్, నార్త్ కరొలినా
2025 సెప్టెంబరు 12

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ప్రధాన కార్యాలయం, హైదరాబాదు

విషయం: థీమ్ పార్కు ప్రయాణికుల తెలుగు సమూహం మూసివేత, సభ్యుల రాతలను కాపాడి సభ్యులకు అప్పగించాలన్న విజ్ఞప్తి.

అయ్యా,

మీ సంస్థ 2007 నుంచి నడుపుతూ వచ్చిన థీమ్ పార్కు ప్రయాణికుల తెలుగు సమూహాన్ని ఈ నెల 30వ తేదీతో మూసివేస్తున్నామనీ, ఆ తరువాత అందులోని రాతలు, ఫొటోలు, ప్రశ్నలు, సమాధానాలు అన్నీ శాశ్వతంగా తొలగిపోతాయనీ తెలియజేస్తూ సెప్టెంబరు 1న మీరు పంపిన మెయిలు నాకు అందింది. నేను 2009 నుంచి అందులో సభ్యురాలిని. ఫ్లోరిడా ప్రయాణాల గురించి వచ్చే ప్రశ్నలను చూసుకునే ఆరుగురు వాలంటీర్లలో 2013 నుంచి ఒకరిని. సమూహాన్ని నడపాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవలసిన విషయమే కావచ్చు. నా ఫిర్యాదు మూసివేసే పద్ధతి మీద, అందులోనూ ముఖ్యంగా మేము రాసినదాన్ని మా చేతికి ఇవ్వకుండానే చెరిపేయడం మీద. మీ సహాయక విభాగానికి ఇంగ్లీషులో రెండుసార్లు రాస్తే రెండుసార్లూ ఒకే మూస జవాబు వచ్చింది. తెలుగువారి కోసం తెలుగులో నడిచిన సమూహం కనుక ఈసారి నేరుగా మీకే తెలుగులో రాస్తున్నాను.

అక్కడ ఏం జరిగేదో ఇప్పుడు మీ కార్యాలయంలో నిర్ణయాలు తీసుకునేవారికి తెలియకపోవచ్చు కాబట్టి నా అనుభవమే చెబుతాను. 2009 ఆగస్టులో మా అత్తగారు, మామగారు కొవ్వూరు నుంచి మా దగ్గరికి వచ్చారు. అందరం కలిసి ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కు వెళ్లాలని పిల్లలు పట్టుబట్టారు. ఇక్కడి నుంచి కారులో ఎనిమిది గంటల దారి. మామగారికి మోకాళ్ల నొప్పులు, అత్తగారు ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు ముట్టరు, మా చిన్నదానికి అప్పటికి రెండున్నరేళ్లు. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కాగితంలో హోటలు పేరు, టికెట్ల ధర తప్ప ఇలాంటి కుటుంబానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. సమూహంలో అడిగితే ఆ రాత్రే మొదటి జవాబు వచ్చింది. డిస్నీ వరల్డ్‌లోని పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్లేవారి కారు గేటు దాకా పోదనీ, సరస్సుకు ఇవతలే నిలిపి మోనోరైలులోనో పెద్ద పడవలోనో అవతలికి చేరాలనీ, మోనోరైలుకు రాంపు ఎక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారికి పడవే సుఖమనీ, పార్కువారి అద్దె చక్రాల కుర్చీ గేటు దాటాకే దొరుకుతుంది గనుక ఊళ్లోనే ఒకటి అద్దెకు తీసుకుని కారులో వేసుకు రమ్మనీ టాంపాలో ఉండే ఒక అక్క రాశారు. మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్టు అక్కర్లేదని మరొకరు చెప్పారు. గాజు సీసాలు లేకపోతే ఇంటి భోజనం లోపలికి తీసుకెళ్లనిస్తారనీ, ఆ ఎండకు పెరుగన్నం పులిసిపోతుంది కాబట్టి పులిహోర కట్టుకెళ్లమనీ ఇంకొకరు చెప్పారు. అక్కడి యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి అనే హోటల్లో ఆ ఏడాదే తెరిచిన సనా అనే భోజనశాలలో మన రుచులకు దగ్గరగా ఉండే పదార్థాలున్నాయనీ, ముందుగా చెబితే వంట చేసేవారే బల్ల దగ్గరికి వచ్చి ఏది తినవచ్చో వివరిస్తారనీ తెలిసింది కూడా అక్కడే. పొడవైన వరుసలో నిలబడకుండా ఆటలు ఎక్కడానికి ఇచ్చే ఫాస్ట్‌పాస్ అంటే ఏమిటో ఎంత చెప్పినా అత్తగారికి అంతుపట్టలేదు. తెనాలిలో ఉండే ఒక రిటైర్డు మాస్టారు, అది తిరుమలలో సమయం వేసి ఇచ్చే దర్శనం టోకెను లాంటిదనీ, అందులో వేసిన వేళకే వెళ్లాలనీ రాశారు. ఆమెకు ఆ ఒక్క వాక్యంతో అర్థమైపోయింది.

మామగారి సంగతి వేరుగా చెప్పాలి. 1974లో గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన రాకముందు, చదువు కోసం కొవ్వూరు రేవులో లాంచీ ఎక్కి రాజమండ్రి వెళ్లివచ్చినవారాయన. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రివర్స్ ఆఫ్ అమెరికా అని ఒక తవ్విన నది, దాని మీద తిరిగే లిబర్టీ బెల్ అనే తెడ్ల చక్రపు పడవ ఉండేవి. పిల్లలు ఎత్తుపల్లాల రైళ్ల వెంట పరుగులు పెడుతుంటే ఆయన రెండు రోజుల్లో మూడుసార్లు ఆ పడవే ఎక్కారు. దాని బాయిలరు నిజంగానే ఆవిరితో నడుస్తుందనీ, పడవ మాత్రం నీటి అడుగున వేసిన పట్టా వెంట పోతుందనీ సిబ్బందిని అడిగి తెలుసుకున్నారు. ఇంటికి వచ్చాక తాను చెబుతూ నాచేత సమూహంలో పెద్ద ఉత్తరమంత రాయించారు. గోదావరి లాంచీ సరంగు ఇసుక మేటలను కళ్లతోనే కొలుచుకుంటూ దారి ఎలా పట్టేవాడో, పట్టా మీద నడిచే పడవలో కూర్చుంటే ఆ సరంగు ఎంత గుర్తుకొచ్చాడో అందులో ఉంది. దానితోపాటు పెద్దవయసువారు ఎక్కడెక్కడ కూర్చోవచ్చో, ఏ బెంచీకి మధ్యాహ్నం నీడ పడుతుందో, కారొసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అనే ప్రదర్శనలో ఇరవై నిమిషాలు చల్లగా, ఏ కుదుపూ లేకుండా ఎలా గడపవచ్చో అన్నీ ఉన్నాయి. ఆ తరువాత ఎన్నో ఏళ్లపాటు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లేవారు ఆ రాతను వెతుక్కుని చదివేవారు. బాబాయి గారి బెంచీ అని పేరు పెట్టి అక్కడ ఫొటోలు దిగి పంపినవాళ్లు ఉన్నారు. ఆ ఫొటోలు చూపించినప్పుడల్లా ఆయన ఏ ఊరివాళ్లో అడిగేవారు.

ఆయన 2018లో కాలం చేశారు. ఆ నదికీ పడవకూ ఈ ఏడాది జులై 6 ఆఖరి రోజు. కొత్త ఆకర్షణ కోసం పార్కువారు వాటిని తీసివేశారు. ఆ రాత్రి మా సభ్యులు మామగారి రాతను మళ్లీ బయటికి తీసి, దాని కింద తమ పెద్దల గురించి రాసుకున్నారు. రెండు నెలలు తిరగకముందే మీ మెయిలు వచ్చింది. నదిని తవ్వినవారూ పూడ్చేవారూ దాని యజమానులు, అది వారి సొత్తు. మా మామగారు నాచేత రాయించిన మాటలు మీ సొత్తు ఎలా అయ్యాయో నాకు అర్థం కావడం లేదు.

కావలసినవి కాపీ చేసుకోండని మీ మూస జవాబు చెబుతోంది. సెప్టెంబరు 5 నుంచి 2015కు ముందటి రాతలేవీ తెరుచుకోవడం లేదు. తరువాతి వాటిని కూడా ఒక్కొక్కటిగా చేత్తో తీసుకోవడం తప్ప మొత్తంగా దింపుకునే వీలు మీరు కల్పించలేదు. ఫొటోలు రావడమే లేదు. మా మామగారి రాత 2009 నాటిది. మీరు గడువు సెప్టెంబరు 30 అన్నారు గానీ, నాకు ఆ గడువు మీ మెయిలు వచ్చిన నాలుగో రోజునే తీరిపోయింది.

మీ కొత్త కృత్రిమ మేధ సహాయకుడు ఇకపై మా అవసరాలన్నీ తీరుస్తాడని కూడా మెయిలులో రాశారు. సెప్టెంబరు 7న దానిని పరీక్షించాను. ఓర్లాండో విమానాశ్రయం నుంచి డిస్నీ హోటళ్లకు ఎలా చేరాలని అడిగితే, అక్కడ బస చేసేవారికి ఉచిత బస్సు ఉంటుందని జవాబు ఇచ్చింది. ఆ ఉచిత బస్సు 2005లో మొదలై 2021 చివరితో ఆగిపోయింది. రాత్రి పదకొండు గంటలకు హైదరాబాదు నుంచి దిగిన వృద్ధ దంపతులు ఆ జవాబు నమ్మి, లేని బస్సు కోసం సామానుతో నిలబడితే ఎవరు బాధ్యులు? ఇంతకంటే నన్ను బాధించిన విషయం ఇంకొకటి ఉంది. ఆ జవాబులోని వాక్యాలు 2011లో నేను రాసినవే. నేను అప్పట్లో చేసిన అక్షర దోషం కూడా అలాగే ఉంది. దాని కిందనే బస్సు ఆగిపోయిందని నేను చేర్చిన సవరణను మాత్రం మీ యంత్రం వదిలేసింది.

మా పని విలువ ఆ సవరణలలోనే ఉంది. థీమ్ పార్కుల నియమాలు ఒకచోట నిలవవు. 1999లో వచ్చిన ఉచిత ఫాస్ట్‌పాస్ కాగితం చీటీగా ఉండేది, తరువాత చేతి పట్టీలోకి మారింది, కరోనా కాలంలో నిలిచిపోయింది, 2021 అక్టోబరులో జీనీ ప్లస్ పేరుతో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది, 2024 జులైలో ఆ పేరూ పద్ధతీ మళ్లీ మారాయి. మారిన ప్రతిసారీ మా వాలంటీర్లు పాత సమాధానాలన్నింటినీ తిరగేసి, తేదీ వేసి, ఏది ఇప్పుడు చెల్లదో రాశారు. ఈ ఏడాది మే 22న ఓర్లాండోలో యూనివర్సల్‌వారి ఎపిక్ యూనివర్స్ అనే కొత్త పార్కు తెరిచిన వారంలోనే ముగ్గురు సభ్యులు స్వయంగా తిరిగివచ్చి, నీడ ఎక్కడుందో, పెద్దలకు నడక ఎంతో రాశారు. ఇందుకు మాలో ఎవరమూ మీ నుంచి ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఆపద వేళల్లో ఈ సమూహం ఎలా పనిచేసిందో కూడా మీ రికార్డుల్లోనే ఉంది. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను వచ్చి పార్కులు రెండు రోజులు మూతపడినప్పుడు, గుంటూరు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు ఓర్లాండో హోటలు గదిలో ఒంటరిగా చిక్కుకుపోయారు. కరెంటు పోతుందని స్నానాల తొట్టిలో నీళ్లు ఎందుకు నింపుకోవాలో, కిటికీ వైపు మంచం ఎందుకు వేసుకోకూడదో మా సభ్యులు వంతులవారీగా తెల్లవార్లూ ఫోనులో చెబుతూ వారికి తోడుగా ఉన్నారు. నిరుడు అక్టోబరులో మిల్టన్ తుపానుకు ఆనాటి జాగ్రత్తల జాబితానే మళ్లీ బయటికి తీశాం. ఆ జాబితా కూడా 30వ తేదీన చెరిగిపోయేవాటిలో ఒకటి.

సభ్యుల రాక తగ్గిందనీ, నిర్వహణ ఖర్చు గిట్టుబాటు కావడం లేదనీ మీరు చెప్పిన కారణాన్ని నేను కొట్టిపారేయను. పిల్లలు ఇప్పుడు చిన్న వీడియోలు చూసి బయలుదేరుతున్నారు, పెద్దలు వాట్సాప్‌లో అడుగుతున్నారు. కానీ వాట్సాప్‌లో చెప్పిన మంచి మాట మర్నాటికి దొరకదు. అదీకాక, ఖర్చు భరించలేని పరిస్థితి ఉంటే జులైలో నా వార్షిక సభ్యత్వాన్ని దానంతట అదే పొడిగించి 1,500 రూపాయలు ఎందుకు తీసుకున్నారు? రెండు నెలల ముందు ఏడాదికి సరిపడా రుసుము తీసుకుని, ముప్పై రోజుల గడువుతో సేవ నిలిపివేయడం, మిగిలిన కాలపు సొమ్ము ఊసే ఎత్తకపోవడం న్యాయం కాదు. నాలాగే జులై, ఆగస్టు నెలల్లో రుసుము కట్టినవారు నాకు తెలిసి పదకొండు మంది ఉన్నారు.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది. మొదట, 2015కు ముందటి రాతలను వెంటనే మళ్లీ తెరవండి. తొలగింపును కనీసం 2026 మార్చి 31 దాకా ఆపి, ప్రతి సభ్యుడూ తన రాతలనూ ఫొటోలనూ ఒక్కసారిగా దింపుకునే ఏర్పాటు చేయండి. చనిపోయిన సభ్యుల విషయంలో వారి కుటుంబం అడిగితే వారి రాతలు ఆ కుటుంబానికి ఇవ్వండి. అలాంటివారు మాలో తక్కువ మంది లేరు. అందరికీ కనిపించే ప్రశ్నలు, సమాధానాల మొత్తాన్ని భద్రపరచి నడుపుకోవడానికి మా వాలంటీర్లలో నలుగురు సిద్ధంగా ఉన్నారు. వారిలో ఇద్దరు ఇదే వృత్తిలో ఉన్నవారు, ఖర్చు మేమే పెట్టుకుంటాం, మీ సంస్థ పేరు వాడుకోము. సభ్యుల అనుమతి లేకుండా వారి రాతలను మీ సహాయకుడి జవాబుల్లో వాడడం ఆపండి. రాసినవారి అనుమతితో వాడితే, కింద ఉన్న సవరణలతో సహా వాడండి. సభ్యత్వ రుసుములో మిగిలిన నెలల సొమ్మును ఎవరూ అడగనక్కర లేకుండానే తిరిగి జమ చేయండి.

వీటిలో ఏవి చేయగలరో, ఏవి చేయలేరో, ఎందుకు చేయలేరో బాధ్యత గల ఒక వ్యక్తి సంతకంతో సెప్టెంబరు 22లోగా తెలపాలని కోరుతున్నాను. జవాబు రాకపోతే హైదరాబాదులో ఉన్న మా సభ్యులు రుసుము విషయంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తారు. అంతదూరం వెళ్లాలని మాకు లేదు. పద్దెనిమిదేళ్లు మీ నీడలోనే ఇంత పని చేసుకున్నామన్న కృతజ్ఞత మాకు ఇప్పటికీ ఉంది.

మిగిలినవన్నీ తేలడానికి సమయం పడుతుందంటే, మా మామగారి రాతను, దాని కింద ఉన్న అందరి మాటలతో, బెంచీ ఫొటోలతో సహా ముందుగా పంపించండి. అది 2009 ఆగస్టు చివరి వారంలో నా సభ్యత్వం పేరు మీదే ఉంది. వెతకడం కష్టం కాదు. మా అత్తగారికి ఇప్పుడు ఎనభై ఒకటి. వచ్చే నెల కొవ్వూరు వెళుతున్నాను, ఆమెకు చదివి వినిపించాలి.

ఇట్లు,
భవదీయురాలు,
2009 నుంచి సభ్యురాలు, ఫ్లోరిడా విభాగం వాలంటీరు