కార్బురేటర్ జోలికి చివర్లో వెళ్లు

అమ్మలూ,

తాతయ్య అంబాసిడర్ లీటరుకు ఆరు కిలోమీటర్లు కూడా ఇవ్వడం లేదనీ, అక్కడి మెకానిక్ ఇంజిన్ తీసేసి డీజిల్‌ది పెట్టిద్దామంటున్నాడనీ రాశావు. దయచేసి ఒప్పుకోకు. బండిలో ఏదో ఒకటో రెండో పాడయ్యాయి. అవేంటో పట్టుకుంటే బాగవుతుంది. ఫోన్లో చెబితే షెడ్డులో బానెట్ ఎత్తినప్పుడు గుర్తుకు రావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. కాస్త పొడుగు ఉత్తరమే, ఓపిగ్గా చదువు.

ముందు ఎంత ఆశించాలో చెబుతాను. అది 1972 మోడల్. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, నాలుగు గేర్లు, టన్నుకు పైనే బరువు. రాజమండ్రిలో ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఎనిమిది, హైవే మీద నిదానంగా వెళ్తే పది ఇచ్చేది. అంతకు మించి ఎప్పుడూ ఇవ్వలేదు. పైగా ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం తయారైన కార్లకు ఈ20తో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళికలోనే ఉంది. కాబట్టి హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏడున్నర, ఊరి బయట తొమ్మిది వచ్చాయంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఆ ఆరు అన్న లెక్క ఎలా వేశావు? పెట్రోల్ గేజ్ ముల్లు చూసి వేసిన లెక్క అయితే నమ్మకు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండి ఒకేలా నిలబెట్టి గన్ దానంతటదే ఆగేదాకా పోయించు. కనీసం రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అక్కడే అలాగే నింపించి, ఆ లీటర్లతో కిలోమీటర్లను భాగించు. కిలోమీటర్లు చూపే మీటరు సరిగ్గా తిరుగుతోందో లేదో కూడా చూడాలి. దీనికి పాత సైజు టైర్లు తీసేసి రేడియల్స్ వేయించాం కదా, చక్రం చుట్టుకొలత మారితే మీటరు లెక్క కూడా మారిపోతుంది. విజయవాడ హైవే మీద కిలోమీటరు రాళ్లతో పోల్చి చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది.

ఇక బండి దగ్గరికి వద్దాం. మైలేజీ అనగానే అందరూ కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) మీద పడతారు, స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పేస్తారు. అది చివర్లో చూడాల్సింది. ముందు బండి ఫ్రీగా దొర్లుతోందా చూడు. ఇది ఇన్నాళ్లూ కదలకుండా ఉన్న బండి, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. నాకు మొదటి అనుమానం అక్కడే. ఖాళీ రోడ్డు మీద ఓ పది కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి, ఆపి, ప్రతి చక్రం దగ్గరా డ్రమ్ముకు చెయ్యి దగ్గరగా పెట్టి చూడు. తాకొద్దు, కాలుతుంది. ఒకటి మాత్రమే సెగ కొడుతుంటే ఆ చక్రానికి బ్రేకు పట్టేస్తోందన్నమాట. మిగతా చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, జాకీ వేసి చేత్తో తిప్పు. తిరక్కపోతే ఆ బ్రేకు బ్లీడింగ్ నిపుల్ (బ్రేకు ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) కొంచెం లూజు చేయించు. వెంటనే చక్రం ఫ్రీ అయితే లైనర్ల తప్పు కాదు. బ్రేకు ఆయిల్ వెనక్కి రావడం లేదు. పాత రబ్బరు హోస్ బయటికి బాగానే కనిపిస్తుంది గానీ లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. పెడల్ తొక్కితే ఆయిల్ వెళ్తుంది, కాలు తీశాక తిరిగి రాదు. అలాంటిది ఒక్కటున్నా మైలేజీ పోతుంది, అంతకంటే ముఖ్యంగా ప్రమాదం. హోస్‌లన్నీ ఒకేసారి మార్పించెయ్. హ్యాండ్‌బ్రేకు కేబుల్ కూడా పూర్తిగా వదులుతోందో లేదో చూడమను. టైర్లలో గాలి బండి పుస్తకంలో రాసినంత ఉండాలి. టైరు పక్కన ముద్రించిన అంకె దాని గరిష్ఠ పరిమితి, అంత కొట్టించకు.

తర్వాత థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు. దీని గురించి ఎవరూ అడగరు, అందుకే ఎక్కువ రాస్తున్నాను. మన ఎండలకు ఇంజిన్ వేడెక్కుతోందని చాలా షెడ్లలో అది తీసి అవతల పారేస్తారు. వేడెక్కడానికి అసలు కారణం చాలాసార్లు రేడియేటర్‌లో పేరుకున్న తుప్పు. దాన్ని శుభ్రం చేయించడం పెద్ద పని, ఇది తీసేయడం అయిదు నిమిషాల పని. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ ఉండాల్సిన వేడికి చాలా ఆలస్యంగా చేరుతుంది. నీ ఆఫీసు నాలుగు కిలోమీటర్లే అన్నావు, అంత దూరంలో అసలు చేరదు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు. కొంత సిలిండర్ గోడలకు అంటుకుని కిందికి కారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. పెట్రోల్ కంపు కొట్టినా, ఆయిల్ మట్టం తగ్గకుండా పెరుగుతున్నా అదే జరుగుతోందనుకో.

థర్మోస్టాట్ ఉందో లేదో విప్పకుండానే తెలుసుకోవచ్చు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, రేడియేటర్ పైన లావు హోస్ మీద చెయ్యి వెయ్యి. చున్నీ, జుట్టు ఫ్యాన్‌కు దూరంగా ఉండాలి, దానికి ఏ కాపలా లేదు. థర్మోస్టాట్ ఉంటే ఆ హోస్ కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, ఉన్నట్టుండి వేడెక్కుతుంది. లేకపోతే మొదటి నిమిషం నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతూ పోతుంది. లేదని తేలితే కొత్తది వేయించు, రేడియేటర్ కూడా కడిగించు.

ఇంజిన్‌లో బలం ఉందో లేదో కంప్రెషన్ టెస్ట్‌తో, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలిస్తే తెలుస్తుంది. నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే చాలు. ఒకటి బాగా తక్కువైతే స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమను. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. వాటి సంగతి తేలకుండా ట్యూనింగ్‌కు డబ్బు పెట్టకు.

డెల్కోలో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) పాయింట్ల గ్యాప్ 15 థౌ, ప్లగ్గుల గ్యాప్ 25 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఫీలర్ గేజ్‌తో పెట్టించు, కంటి అందాజుతో వద్దు. ఆ డెల్కో పక్కన చిన్న డబ్బా ఉంటుంది, దాన్నుంచి సన్నటి పైపు కార్బురేటర్‌కు వెళ్తుంది. యాక్సిలరేటర్ కొంచెమే తొక్కి నిలకడగా వెళ్తున్నప్పుడు సిలిండర్లలోకి గాలీ పెట్రోలూ తక్కువ చేరతాయి, ఆ మిశ్రమం నెమ్మదిగా మండుతుంది. అప్పుడు స్పార్క్ కొంచెం ముందుగా రావాలి. ఆ పని చేసేది ఆ డబ్బా. లోపలి డయాఫ్రమ్ (పలచటి పొర) చిరిగితే బండి మామూలుగానే నడుస్తుంది, మిస్సింగ్ ఉండదు, పికప్ పోదు, మైలేజీ మాత్రం పడిపోతుంది. డెల్కో మూత తీసి, పైపు కార్బురేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చు. పాయింట్లున్న ప్లేటు కదలాలి, నాలుకతో పైపు మూస్తే అక్కడే ఆగాలి. వెనక్కి వచ్చేస్తే డయాఫ్రమ్ పోయినట్టే.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కార్బురేటర్. మనది ఎస్.యు. రకం. మొదట చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా చూడు. ఈ రకంలో చోక్ లాగితే జెట్టు (పెట్రోల్ వచ్చే సన్న గొట్టం) కిందికి దిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. కేబుల్ బిగుసుకుని అది పూర్తిగా పైకి రాకపోతే రోజంతా చోక్ మీదే నడిపినట్టు లెక్క. తర్వాత పైన డబ్బాలో పిస్టన్ వేలితో ఎత్తి వదిలితే టక్కున కింద పడాలి. నెమ్మదిగా దిగినా, మధ్యలో ఆగినా శుభ్రం చేయించి జెట్టు సెంటర్ చేయించు. మిశ్రమం చూడాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉండగా పిస్టన్‌ను ఒక్క మిల్లీమీటరు ఎత్తాలి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, కొంచెం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. కింద నట్టును ఒక్కో పలక చొప్పున తిప్పి సరిచేయాలి. పైకి బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది. మైలేజీ ఆశతో మరీ తగ్గించొద్దు. ఇథనాల్ వల్ల ఇప్పటికే మిశ్రమం పలచబడి ఉంది, ఇంకా తగ్గిస్తే వాల్వులు కాలిపోతాయి. ఎంత తిప్పినా దారికి రాకపోతే నీడిల్, జెట్టు అరిగిపోయాయి, రెండూ కలిపి మార్పించు.

ఒక్క విషయం మాత్రం ఈ రోజే చూడు. ఈ ఇంజిన్‌లో కార్బురేటర్, పొగను బయటికి పంపే వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్క ఉంటాయి. కార్బురేటర్‌లోకి పెట్రోల్ రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూయక పెట్రోల్ పొంగితే మానిఫోల్డ్ మీదే పడుతుంది. బండి ఆపాక పెట్రోల్ వాసన వస్తోందా? వస్తుంటే బాగుచేయించేదాకా నడపకు. పాత రబ్బరు పైపులకు, పంపు డయాఫ్రమ్‌కు ఇథనాల్ పడదు. ఇథనాల్ తట్టుకునే రకం అడిగి వేయించు. సీటు కింద మంటలార్పే సిలిండర్ పెట్టుకో.

పెట్రోల్ పైపుకు అయస్కాంతం, ట్యాంకులో వేసే మాత్రలు ఎవరైనా అంటగట్టబోతే కొనకు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి వాటిని చాలా ఏళ్లుగా పరీక్షించి, ఎక్కువ వాటితో లాభం లేదనో, ఉన్నా అతి స్వల్పమనో తేల్చింది. నీ కాలు వాటికంటే ఎక్కువ ఆదా చేస్తుంది. హైవే మీద అరవై దాటించకు, ఈ బండి ఒడ్డూ పొడుగుకి గాలి తాకిడి వేగంతో చాలా త్వరగా పెరుగుతుంది.

ఇక ఆ డీజిల్ ఇంజిన్ మాట. 50 ఏళ్లు దాటిన బండ్లకు కేంద్రం 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్నవాటికే అది ఇస్తారు. అది తీసుకుంటే రోజూ ఆఫీసుకు తిప్పడం కుదరదు, కాబట్టి ఇప్పుడే తీసుకోమనడం లేదు. కానీ ఇంజిన్ మార్చేస్తే ఆ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. ఇది ఇంగ్లండ్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారుకు పెట్టిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబంలోని ఇంజిన్. ఆ కుటుంబం గురించి పుస్తకాలూ, తెలిసినవాళ్లూ ఇప్పటికీ ఉన్నారు. తాతయ్య బుక్ చేసి, ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న బండి, ఆ ఇంజిన్‌తోనే నీ దగ్గర ఉండాలని నా కోరిక.

ఆదివారం హైవే మీద ఓ ఇరవై కిలోమీటర్లు వెళ్లి, ఇంజిన్ ఆపి, కాస్త చల్లారాక ప్లగ్గులు విప్పు. రేడియేటర్ వైపుది ఒకటో నంబరు, కలిసిపోకుండా వరుసగా పెట్టి నాలుగింటికీ వెలుతురులో ఫొటో తీసి పంపు. లేత గోధుమ రంగులో ఉంటే కార్బురేటర్‌ను ముట్టుకోనివ్వకు. పొడి నలుపైతే చోక్ దగ్గర మొదలుపెడదాం. ఒక్కటే తడిగా, నూనెగా ఉంటే అది ఏ సిలిండరో రాసిపెట్టు, కంప్రెషన్ టెస్ట్ ముందు దానికే చేయిద్దాం.

నాన్న